తొట్టి రుచి చూసే కోడలు

కనకమ్మ సత్రం దాటి తిరుత్తణి వైపు పోతుంటే, ఆ రోజుల్లో రోడ్డుకు కుడిపక్కన కొంచెం లోపలగా ఒక నేతవీధి ఉండేది. అందులో ఏ ఇల్లు కావాలన్నా ఎవరినో ఒకరిని అడగాలి. ఏకాంబరం ఇంటికి మాత్రం అడగక్కర్లేదు. వీధి మొదట్లో పసుపురంగు నీళ్లు పారే కాలువ ఒకటి ఉంది, దాన్ని పట్టుకుని నడిస్తే నేరుగా వాళ్ల పెరట్లోకి పోతాం. ఆ నీళ్లు తాగి రెండు మూడు కుక్కలు చచ్చిన మాట నిజమే. కుక్క చస్తే ఎవడు విచారణ చేస్తాడు? కాలు పట్టుకుని ఈడ్చి పారేశారు, అంతే.

ఈ కథ ఆ ఇంటి పెద్దకోడలు, ఏకాంబరం భార్య చెంగమ్మది. ఆమె గొప్ప మనిషేం కాదు, చెడ్డ మనిషీ కాదు. ఒక బిడ్డ కావాలనుకుంది, అదీ ఆమె చేసిన పని. అందరు ఆడవాళ్లూ అనుకునేదే. ఆమెకు అది ఎట్లా దొరికిందో చెప్పాలంటే ముందు ఆ పసుపు సంగతి చెప్పాలి.

ఆడికృత్తిక పండగకు తిరుత్తణి సామి కొండకు కావడి ఎత్తే ప్రతివాడికీ పసుపుగుడ్డ కావాలి. వంటింటి పసుపుతో అద్దిన గుడ్డ ఎండకు వెలిసిపోతుంది, వానకు కారిపోతుంది, కొండ మెట్లు సగం ఎక్కేసరికి మసిగుడ్డ అయి కూర్చుంటుంది. ఏకాంబరం ఇంటి పసుపు అట్లా కాదు. గుడ్డ చిరగాల్సిందేగాని రంగు పోదు. అదంతా పట్నం నుంచి డబ్బాల్లో వచ్చే సరుకు మహిమ. ఒక డబ్బాలో తెల్లటి ఉప్పు, ఇంకో డబ్బాలో ఎర్రటి పలుకులు. ఉప్పునీళ్ల తొట్టిలో నూలు నానబెట్టి, సున్నపుతేటలో ముంచి తీసి, ఆఖరున ఎర్రనీళ్లలో వేస్తే చాలు, నూలు కళ్ల ముందే బంతిపువ్వు రంగుకు తిరుగుతుంది. ఆ తెల్ల ఉప్పు సీసంతో చేసిందని డబ్బా మీద ఇంగ్లీషులో రాసే ఉండేది. చదివేవాడెవడు ఆ ఇంట్లో? నాలుక మీద వేస్తే తియ్యగా ఉంటుంది కాబట్టి దానికి తీపి ఉప్పు అని పేరు పెట్టుకున్నారు.

రంగు ఉప్పును నాలుక మీద ఎందుకు వేశారయ్యా అంటారేమో. అది ఆ ఇంటి ఆచారం. ఏకాంబరం తల్లి తిరుమలమ్మ కాపురానికి వచ్చిన రోజుల్లో వాళ్లది నీలిమందు తొట్టి. నీలితొట్టి పులిసి పాకానికి వచ్చిందా లేదా అన్నది కంటికి తెలియదు, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటేనే తెలుస్తుంది. తిరుమలమ్మ నాలుకకు చుట్టుపక్కల పెద్ద పేరు. పొరుగూరి వాళ్లు కూడా వచ్చి, “అమ్మా, ఒక్కసారి మా తొట్టి చూసి పో” అని బతిమాలి తీసుకుపోయేవాళ్లు. తర్వాత నీలి పోయింది, డబ్బారంగు వచ్చింది. తొట్టిలో నీళ్లు మారాయి, అందులో ముంచే వేలు మారలేదు. ఉప్పు పలచనైతే రంగు తేలిపోతుంది, చిక్కనైతే నూలు పెళుసెక్కుతుంది. అందుకని ఇంటి పెద్దకోడలు తెల్లవారి తలస్నానం చేసి, పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా, పరగడుపున తొట్టి రుచి చూడాలి. ఆమె సరే అంటేనే మగవాళ్లు నూలు ముంచేది. ఇంటి తాళాలగుత్తి కన్నా పెద్ద మర్యాద అది.

చెంగమ్మకు మొదట్లో అది మర్యాద మాత్రమే కాదు, సంబరం కూడా. బెల్లం ఉట్టి మీదకెక్కించి లెక్కపెట్టి దించే ఇంట్లో, కొత్తకోడలికి రోజూ పొద్దున్నే తీపి. ఒక్క వేలు చాలు, ఆమె రెండు సార్లు ముంచేది. ఇది దొంగతనమా అని తనలో తాను నవ్వుకునేది కూడా.

మొదటి కడుపు అయిదో నెలలో పోయింది. రెండోది ఏడో నెలలో పోయింది. మూడోది నెలలు నిండి పుట్టి, ఏడవకుండానే కళ్లు మూసింది. మొదటిసారి చెంగమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. రెండోసారి గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. మూడోసారి ఏడుపు రాలేదు. మంత్రసాని బిడ్డను గుడ్డలో చుట్టి తీసుకుపోతుంటే, ఆ గుడ్డ కొత్తదే, ఇంకా ఉతకలేదే అనుకుంది. దాని తర్వాత చాలా రోజులు ఆమెకు ఏమీ అనిపించలేదు. వేళ్లు తిమ్మిరెక్కి ఉండేవి, మణికట్టు పట్టు తప్పి చెంబు జారిపోయేది, కడుపులో ఎవరో తాడు మెలిపెట్టినట్టు నొప్పి. అయినా ఎవరిదో ఒళ్లు, ఎవరిదో నొప్పి అన్నట్టుండేది.

తిరుమలమ్మ చెడ్డ అత్త కాదు, అది ముందే చెప్పేస్తున్నాను. కోడలి కడుపు నిలవాలని ఆమె కూడా మొక్కని దేవుడు లేడు. “మే చెంగమ్మా, నీ ఒంట్లో చెడునీరు చేరుండాది. అదంతా కడిగిపారేస్తేగాని బిడ్డ నిలబడదు” అని అమావాస్యకొకసారి ఆముదం పట్టించేది. ఆముదం తాగిన మర్నాడంతా పెరటికీ ఇంటికీ తిరగడమే. ఆ మరుసటి రోజు వేపాకు ముద్ద, ఆ తర్వాత మిరియాల చారూ అన్నమూ తప్ప ఇంకేమీ పెట్టేది కాదు. ఒళ్లు తేటపడిందని మురిసిపోయేది. మళ్లీ పొద్దున్నే, “పోమ్మే, తొట్టి చూసి రా” అనేది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. ఈ ఇంట్లో సాయంత్రం కాలు కడిగి, పొద్దున్నే పోయి అదే అడుసులో పెట్టేవాళ్లు.

మూడో బిడ్డ పోయాక చెంగమ్మ అన్న కోదండరామ వచ్చి చెల్లెల్ని పుట్టింటికి పిల్చుకుపోయాడు. మనిషి తిండి తినదు, పలకరిస్తే పలకదు. భయపడి రైలెక్కించి తిరువళ్లూరు ఆస్పత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ అరవంలో ఏవేవో అడిగి, పెదవి పైకెత్తి చూసింది. చిగుళ్ల అంచున, పంటికి ఆనుకుని నల్లగా నీలంగా ఒక గీత. డాక్టరమ్మ మొహం మారిపోయింది. ఏం పని చేస్తావని అడిగింది. చెంగమ్మ చెప్పింది, తొట్టి, తీపి ఉప్పు, పరగడుపున వేలు, అత్త పట్టే ఆముదం, అన్నీ.

“అది సీసం. విషం. నీ ముగ్గురు బిడ్డల్నీ తిన్నది అదే” అంది డాక్టరమ్మ. “ఇకమీద అది నోట్లో పెట్టావంటే నాలుగో బిడ్డా దక్కదు. తల్లి మింగింది కడుపులో బిడ్డకూ పోతుంది, పుట్టాక పాలల్లోనూ పోతుంది. ఆముదంతో పోయేది కాదిది, ఎముకల్లో పోయి కూర్చుంటుంది. మానేస్తే మెల్లమెల్లగా తగ్గుతుంది.”

ముగ్గురు బిడ్డల్నీ తిన్నది అన్నప్పుడు చెంగమ్మకు కోపమన్నా రావాలి, దుఃఖమన్నా రావాలి. ఏదీ రాలేదు. రెండు సార్లు వేలు ముంచి నవ్వుకున్న పొద్దుపూటలు మాత్రం గుర్తొచ్చాయి.

అత్తింటికి తిరిగొచ్చిన రోజే మొగుడికి చెప్పింది. “మామా, తొట్టి నీళ్లు నోట్లో పెట్టకూడదంట. అది విషమంట. బిడ్డలు అందుకే పోతావుండారని డాక్టరమ్మ చెప్పినాది.”

ఏకాంబరం మగ్గం మీద పడుగు పోగులు అతుకుతున్నవాడల్లా తలెత్తాడు. “మా అమ్మ ఎన్ని ఏండ్లు తొట్టి చూసినాది? మమ్మల్నందర్నీ కన్నాది గదా? ఆమెకు కాని విషం నీకైందా?”

“అది నీలితొట్టి గదా మామా.”

“తొట్టి తొట్టే. ఆ ఆస్పత్రోళ్లకు మన పని ఏం తెలుసు? సామి గుడ్డకేసే రంగును విషమని ఇంకోసారి అంటే ఊరుకోను. ఈ మాట వీధిలో ఎవుడి చెవినన్నా పడితే రేపు మన గుడ్డ తాకేవాడుండడు. నోరు మూసుకోనుండు.”

అదే వారంలో వంటింట్లో ఇంకో మాట విన్నది. తిరుమలమ్మ పక్కింటావిడతో గొంతు తగ్గించి, “పెద్దోడికి ఇంకో సంబంధం చూడాలేమో, ఏం చేసేది” అంటోంది. చెంగమ్మకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. తొట్టి చూడనంటే ఇంట్లోంచి గెంటేస్తారు. చూస్తే బిడ్డ నిలవదు, బిడ్డ నిలవకపోతే సవతి వస్తుంది.

అప్పుడు ఆమెకు ఒక అబద్ధం తోచింది. చిన్న జ్వరం వచ్చి తగ్గింది. తగ్గగానే అత్త దగ్గరికి పోయి, “అత్తా, నా నాలుక సచ్చిపోయినాది. ఏ రుచీ తెలవడం లేదు” అంది.

తిరుమలమ్మ అంత తేలిగ్గా నమ్మే మనిషా? కోడల్ని పీట మీద కూర్చోబెట్టింది. “యాడ, నోరు తెరు” అని కళ్లు మూయించి ముందు బెల్లం పెట్టింది. చెంగమ్మ తెలవలేదంది. ఉప్పుగల్లు పెట్టింది, తెలవలేదంది. కాకరకాయ ముక్క పెట్టింది, అదీ తెలవలేదంది. చివరికి ఎండుమిరపకాయ దంచి చిటికెడు పొడి నాలుక నిండా రాసింది. నోరు భగ్గుమంది. చెంగమ్మ పెదవి కదపలేదు. మూడుసార్లు ఉత్త చేతులతో పురిటిగది దాటి వచ్చిన మనిషికి మిరపకాయ ఒక లెక్కా? కళ్లు మాత్రం కారాయి.

“మరి ఈ నీళ్లేంది?”

“జొరం వచ్చినప్పటినుంచీ ఇట్లే కారతావుండాయత్తా.”

తిరుమలమ్మ నిట్టూర్చి, “అయ్యో పావం, ఎంత నాలుక నీది” అని నిజంగానే బాధపడింది. చెంగమ్మను నూలు కండెలు చుట్టే పనికి మార్చారు. తొట్టి మర్యాద రెండో కోడలికి పోయింది.

రెండో కోడలు దేవకి, ఏకాంబరం తమ్ముడు జయచంద్ర భార్య. తిరువాలంగాడు పిల్ల. వచ్చి మూడు నెలలు కాలేదు. గలగలా మాట్లాడుతుంది, నవ్వు మొదలుపెడితే ఆపలేదు. తొట్టి రుచి చూసిన మొదటిరోజు పరుగెత్తుకుంటూ చెంగమ్మ దగ్గరికొచ్చింది. “అక్కా, అక్కా! ఇంత తియ్యగా ఉంటాదని చెప్పనేలేదే నాకు! దీని ముందర అత్త చేసే పొంగలి దిగదుడుపే!”

చెంగమ్మ కండె తిప్పుతూనే ఉంది. “ఒక్కసారే ముంచు” అంది. అంతకు మించి ఒక్క మాట కూడా నోట్లోంచి రాలేదు. చెప్పాలని లేక కాదు. చెబితే దేవకి అత్తతో అంటుంది, అత్త పీట వేసి మళ్లీ కూర్చోబెడుతుంది. ఒక్క బిడ్డ పుట్టనీ, ఆ తర్వాత చెబుతాను అనుకుంది. అప్పటికీ ఇప్పటికీ మనుషులందరూ అనుకునేదే ఇది, తర్వాత చేద్దామని.

మరుసటి ఏడు చెంగమ్మ నీళ్లోసుకుంది. కాన్పుకు పుట్టింటికి పోయి, నెలలు నిండి, ఆడపిల్లను కన్నది. ఆ పిల్ల పుట్టగానే ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని మంత్రసాని, కోదండరామ, అందరూ నవ్వారు. చెంగమ్మ నవ్వలేదు, ఏడవలేదు. బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి వస్తోందా లేదా అని చూస్తూ కూర్చుంది. చాలా రోజులు అదే పని.

బిడ్డతో అత్తింటికి వచ్చేసరికి తిరుమలమ్మ పట్టలేని సంతోషంతో ఉంది. వచ్చిన వాళ్లందరికీ, “చూసినారా, ఒళ్లు కడిగి కడిగి చెడంతా పోగొట్టినాను, బిడ్డ నిలబడినాది” అని చెప్పేది. పిల్లకు ధనమ్మ అని పేరు పెట్టారు. దేవకికి అప్పటికి నాలుగో నెల.

తర్వాత చెబుతానన్న ఆ తర్వాత ఇదే. చెంగమ్మకు తెలుసు. రోజూ పొద్దున్నే తడిజుట్టుతో దేవకి పెరట్లోకి పోవడం చూసేది, బిడ్డను రొమ్ముకు హత్తుకునేది. ఈరోజు చెబుతాను అనుకునేది, అనుకుంటూ ఉండగానే దేవకి వేలు నాకుతూ తిరిగొచ్చేది. కక్కలేక మింగలేక అన్నట్టు కొన్నాళ్లు గడిచి, తర్వాత అది కూడా లేకుండా పోయింది. పొద్దున మగ్గం చప్పుడు మొదలవుతుంది, దేవకి తొట్టి చూస్తుంది, అన్నం ఉడుకుతుంది. అన్నీ ఒకటే అయిపోయాయి.

ఆరో నెలలో దేవకి వచ్చి పక్కన కూర్చుంది. ఆ పిల్ల నవ్వు తగ్గి చాలా రోజులైంది, మొహం పాలిపోయింది. “అక్కా, వేళ్లు తిమ్మిరెక్కతావుండాయి. కడుపులో ఒకటే మెలి. నీకూ ఇట్లే ఉన్నిందా?”

“ఉన్నింది” అంది చెంగమ్మ.

“మరి తగ్గిపోయిందా?”

“తగ్గిపోయింది.”

దేవకి ధైర్యం తెచ్చుకుని లేచిపోయింది. ఆ మాట అన్న నోరు చెంగమ్మదే. ఇంకెవరూ అనిపించలేదు.

ఎనిమిదో నెల మొదట్లో దేవకి ప్రసవించింది. మగబిడ్డ, ప్రాణం లేదు. జయచంద్ర వీధరుగు మీద తల పట్టుకు కూర్చున్నాడు. తిరుమలమ్మ పొయ్యి మీద కషాయం పెట్టి, ఆముదం సీసా దించింది. “దిగులు పడొద్దు తల్లీ, మీ అక్కకు కడిగినట్టే నీకూ కడుగుతా. మళ్లా ఏటికి నీ వొళ్లో బిడ్డ ఆడతాది” అంటూ దేవకి తల నిమిరింది. దేవకి తలూపింది. ఇల్లంతా ఆడికృత్తిక పని ముమ్మరంలో ఉంది. దండేల మీద పసుపు నూలు ఆరుతోంది.

నాలుగో రోజుకు దేవకికి పాలు పడ్డాయి. తాగే బిడ్డ లేదు, రొమ్ములు రాళ్లలా గట్టిపడి జ్వరం తగిలింది. ఇటు చెంగమ్మకు కిందటి నెల విషజ్వరం వచ్చి తగ్గినప్పటినుంచీ పాలు తగ్గిపోయి, ధనమ్మ ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. తిరుమలమ్మకు ఇందులో ఆలోచించేదేముంది? చెంగమ్మ బావికి నీళ్లకు పోయినప్పుడు పిల్లను తీసుకుపోయి దేవకి ఒళ్లో పెట్టింది.

చెంగమ్మ బిందెతో గడప దాటేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పిల్ల ఏడుపు లేదు. లోపలికి చూస్తే ధనమ్మ కళ్లు మూసుకుని దేవకి రొమ్ము పట్టుకుని గుటకలు వేస్తోంది. దేవకి మొహం మీద చాలా రోజుల తర్వాత కొంచెం తేటదనం. చెంగమ్మ బిందె జారిపోయింది. ఒక్క ఉరుకున పోయి పిల్లను లాగేసుకుంది.

“ఆ పాలు వద్దు! ఆ పాలు తాగకూడదు!”

పిల్ల గుక్కపట్టింది. తిరుమలమ్మ పరుగెత్తుకొచ్చింది. “ఏమ్మే, పిచ్చి పట్టినాదా నీకు? బిడ్డ పోయినదాని పాలు తగిలితే నీ బిడ్డకేమన్నా అయితాదనా? ఛీ, ఇంత పాపిష్టి బుద్ధి ఏంది నీకు? అది ఎంత నొచ్చుకుంటాదని లేదా?”

చెంగమ్మ పిల్ల నోరు కొంగుతో తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది.

“నా పాలల్లో ఏముండాదక్కా?” అంది దేవకి.

అప్పుడు చెప్పింది చెంగమ్మ. డాక్టరమ్మ, చిగుళ్ల గీత, సీసం, కడుపులో బిడ్డకు పోవడం, పాలల్లో పోవడం. నాలుక చచ్చిందని చెప్పిన అబద్ధం. దంచిన మిరపకాయ. పాఠం ఒప్పజెప్పినట్టు ఏ ఎత్తూ పల్లం లేకుండా చెప్పింది. తిరుమలమ్మ ఆముదం సీసా వైపే చూస్తోంది.

“నీకెప్పుడు తెలిసినాది?” అని అడిగింది దేవకి.

“నువ్వు తొట్టిలో వేలు పెట్టకముందే.”

దేవకి రవిక సర్దుకుంది. అరవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. “నా బిడ్డ కడుపులో కదిలేటప్పుడు నీ నోట్లో ఈ మాట రాలేదు” అంది. “నీ బిడ్డ నా రొమ్ము పట్టుకోంగానే వచ్చేసినాది.”

చెంగమ్మ కొంగు చివర మళ్లీ పిల్ల పెదవులకు పెట్టింది.

తిరుమలమ్మ పెద్దకోడలి వైపు తిరిగింది. “ఆముదం... ఆముదంతో పోతాదని చెప్పినాదా ఆ డాక్టరమ్మ?”

“పోదని చెప్పినాదత్తా.”

ముసలావిడ పోయి, దేవకికని పొయ్యి మీద పెట్టిన కషాయం దించి పక్కన పెట్టింది. మర్నాడు పొద్దున్నే ఆమే తలస్నానం చేసి తొట్టి దగ్గరికి పోయింది. ఏకాంబరం ఏదో అనబోతే, “నాకింకేం కాన్పులుండాయిరా, నోర్మూసుకో. నీ సామి గుడ్డలు ఆగవులే” అంది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. నూలు ముంచమని చెయ్యి ఊపింది.

దేవకి నొప్పి ఓర్చుకోలేక మంచం అంచున వంగి పాలు పిండుకుంటోంది. చెంగమ్మ ఒక కొబ్బరిచిప్ప తెచ్చి కింద పట్టుకుంది. దేవకి వద్దనలేదు, ఆమె వైపు చూడలేదు. చిప్ప నిండితే చెంగమ్మ పెరట్లోకి పోయి పసుపు కాలువలో పారబోసి, మళ్లీ వచ్చి పట్టుకునేది. తెల్లటి, చిక్కటి, మంచి పాలు. పక్కగదిలో ధనమ్మ ఆకలికి ఏడుస్తూనే ఉంది.

“పోక్కా, బిడ్డ ఏడస్తావుండాది” అంది దేవకి.

చెంగమ్మ చిప్ప కింద పెట్టి లేచింది. ఇప్పుడన్నా ఏడుపు వస్తే బాగుండుననుకుంది. రాలేదు. పోయి బిడ్డకు గంజినీళ్లు పట్టింది.